మరదలి గొంతు

పాశమైలారంలో పాట అంటే మల్లమ్మదే. బతుకమ్మ నాడు బడి ముందు మైకు పెడితే మొదట ఆమె చేతికే ఇచ్చేవాళ్లు. పెళ్లికి పసుపు దంచినా, బోనాలు తీసినా ఆమె గొంతెత్తితేగాని పని మొదలైనట్టు ఉండేది కాదు. ఒకసారి సంగారెడ్డిలో మహిళా దినోత్సవం సభలో ఆమెకు శాలువా కప్పారు. ఆ శాలువాను కవరు చింపకుండా దాచుకుని, ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ చూపించేది.

మల్లమ్మ పాట ఎత్తుకుంటే వెనక అందుకునేది ఆమె మరదలు ఎంకమ్మ. తమ్ముడు పోచయ్య భార్య. ఎంకమ్మది కాస్త బొంగురు గొంతు. పైకి వెళితే జీర వచ్చేది, ఒక్కోసారి మధ్యలో తెగిపోయేది. అందుకే మల్లమ్మ ఆమెను ఎప్పుడూ తన భుజం వెనక నిలబెట్టుకునేది.

"జెర మెల్లగ అందుకో పిల్లా. నా గొంతును తొక్కకు" అనేది.

"సరే వదినె" అనేది ఎంకమ్మ. అంతకు మించి ఎన్నడూ మాట్లాడలేదు.

మల్లమ్మను వెలిమెలకు ఇచ్చారు. భర్త పోయాక అక్కడి పొలం విల్లాల కిందికి పోయింది, ఆమె పుట్టింటి ఊరు చేరింది. పోచయ్య తన ఇంటి పక్కనే ఒక గది వేసి ఇచ్చాడు. ఇప్పుడు వదినా మరదళ్లిద్దరూ ఒకే మందుల కంపెనీలో ఊడ్చే పనికి, చెట్లకు నీళ్లు పట్టే పనికి పోతున్నారు. ఆ కంపెనీ గోడ లోపలే ఒకప్పుడు వాళ్ల జొన్నచేను ఉండేది. ఇప్పుడు అక్కడ లారీలు నిలబెడతారు.

నిషిత అనే అమ్మాయి వాళ్ల ఇంటికి వచ్చింది వానాకాలం చివర్లో ఒక ఆదివారం పూట. అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు దొరికితే ఊళ్లు తిరిగి పాత పాటలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఎవరో తీసిన బతుకమ్మ వీడియోలో మల్లమ్మను చూసి వెతుక్కుంటూ వచ్చింది.

మల్లమ్మ పట్టుచీర కట్టింది. తలకు నూనె రాసి, నున్నగా దువ్వి, కుర్చీలో నిటారుగా కూర్చుని తన పాటలన్నీ వరసగా పాడింది. వాకిట్లో జనం చేరారు. చప్పట్లు కొట్టారు. నిషిత "చాలా బాగుంది పెద్దమ్మా" అన్నప్పుడల్లా మల్లమ్మ ముఖం వెలిగేది.

పాటలయ్యాక చాయ్ పెడతానని లోపలికి వెళ్లింది. జనం వెళ్లిపోయారు. ఎంకమ్మ ఖాళీగా కూర్చోలేక చింతపండు ముందేసుకుని గింజలు తీయసాగింది. నిషిత ఫోన్‌లో ఏదో చూసుకుంటోంది. మైకు బల్ల మీదే ఉంది, దాన్ని ఎవరూ ఆపలేదు. చింతగింజలు గిన్నెలో టక్కుటక్కున పడుతుంటే ఎంకమ్మ తనలో తనే ఒక పాట మొదలుపెట్టింది.

*నల్లరేగడి నేలల నాటిన గింజా*
*సలి వెడుతున్నదా నీకు, సలి వెడుతున్నదా*
*వానొచ్చి వాయె, ఎండొచ్చి వాయె*
*మొలిసి రావేమే గింజా, మొలిసి రావేమే*

నిషిత ఫోన్ పక్కన పెట్టి కదలకుండా కూర్చుంది. ఎంకమ్మ ఆమెను చూడనే లేదు. జీర వచ్చిన చోట జీరతోనే, గొంతు తెగిన చోట ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ పాడింది. ఇంతలో మల్లమ్మ చాయ్ గ్లాసులతో బయటికి వచ్చింది.

"ఓ పిల్లా, ఏందా మూలుగుడు? చాయ్ వట్టు, సల్లగైతది."

నిషిత ఇంటికి వెళ్లి మల్లమ్మ పాటలన్నీ పెట్టింది. వాటి చివర ఎంకమ్మ పాడిన ఆ ఒక్క ముక్కా పెట్టింది. మల్లమ్మ పాటలను ఊళ్లో వాళ్లు, పటాన్‌చెరులో చుట్టాలు చూశారు. ఎంకమ్మ పాట మాత్రం ఎటో వెళ్లిపోయింది. మొదట బెంగళూరులో ఎవరో పంచుకున్నారు. వాళ్ల నుంచి బ్రెజిల్‌లో ఒక డ్రమ్ములు వాయించే ఆయనకు, ఆయన నుంచి ఇంకెవరికో. మంచు దేశంలో ఒక నర్సు రాత్రి డ్యూటీ నుంచి ఇంటికి వస్తూ దారిలో కారు ఆపుకుని విన్నానని రాసింది. భాష తెలియదు, ఊరు తెలియదు. చింతగింజలు గిన్నెలో పడే చప్పుడుతో సహా విన్నారు. ప్రపంచమంతా విన్న ఆ పాట చివర మల్లమ్మ గొంతు కూడా ఉంది. "చాయ్ వట్టు, సల్లగైతది" అని.

కంపెనీలో సంగతి తెలిసిపోయింది. క్యాంటీన్‌లో పనిచేసే ఒడిశా అమ్మాయిలు ఫోన్లు పట్టుకుని ఎంకమ్మ చుట్టూ చేరారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమెకు నమస్తే పెట్టాడు. హెచ్‌ఆర్ సారు త్రినాథరావు అయితే స్వయంగా మొక్కల దగ్గరికి వచ్చి ఎంకమ్మతో ఫోటో దిగుతానన్నాడు.

"అమ్మా, మీరు కొంచెం పక్కకు జరగండి" అని మల్లమ్మతో అన్నాడు. ఎంకమ్మ చేతిలో ఉన్న చీపురు ఫోటోలో బాగుండదని దాన్ని కూడా మల్లమ్మ చేతికే ఇచ్చాడు.

రెండు చీపుర్లు పట్టుకుని మల్లమ్మ గోడ పక్కన నిలబడింది. ఎంకమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మల్లమ్మ ఆ నవ్వునే చూసింది. ఇన్నేళ్లు గొంతు చించుకుని పాడింది తాను. రాగం, తాళం, ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి అన్నీ తనకు తెలుసు. ఇది పాడిందా? చింతపండు తీస్తూ మూలిగింది. ఆ మూలుగుడుకా ఇంత?

పైగా ఆ పాట ఎవరిది? ఎప్పుడో పోయిన తన తల్లిది. చిన్నప్పుడు తల్లి నాగలి వెనక గింజలు వేస్తూ పాడుతుంటే, తాను ఆమె వెంట గట్ల మీద పరుగెత్తింది. విత్తనాల పాట అది. కడుపున పుట్టిన బిడ్డ తానుండగా కోడలు పాడి పేరు తెచ్చుకుంది.

ఆ రోజు నుంచి మల్లమ్మకు అన్నం రుచించలేదు. స్నానం చేస్తూ గొంతు బొంగురు చేసుకుని పాడి చూసుకునేది. కావాలని మధ్యలో జీర తెచ్చేది. ఒక పొద్దున అది విని పోచయ్య గోడ అవతలి నుంచి అడిగాడు.

"అక్కా, జలుబైందా? గోలీ తెచ్చియ్యాల్నా?"

"ఏం కాలే. నీ పని నువ్వు సూసుకో" అని కసిరింది.

తర్వాతి వారం నిషిత మళ్లీ వచ్చి, ఎక్కడెక్కడి వాళ్లు రాసినవో ఇద్దరికీ తెలుగులో చెప్పింది. ఎంకమ్మ అవి తన గురించి కాదన్నట్టు నేల చూస్తూ వింది. మల్లమ్మ నిషిత పెదాలనే చూస్తూ కూర్చుంది, తన పేరు ఎక్కడైనా వస్తుందేమోనని. రాలేదు. "చివర చాయ్ తాగమని పిలిచే ఆవిడ లేకపోతే ఇంకాసేపు వినేవాళ్లం" అని మాత్రం ఎవరో రాశారు. నిషిత అది చదువుతూ నాలుక కరుచుకుంది కానీ, అప్పటికే చదివేసింది.

"ఇదొకటి చూడండి" అని గబగబా ఇంకొకటి తీసింది. "పోర్చుగల్‌లో సముద్రం పక్క ఊరామె రాసింది. ఈ పాట పాడే ఆవిడ ఎవర్ని పోగొట్టుకుంది అని అడుగుతోంది."

మల్లమ్మ పకపకా నవ్వింది. "ఎవల్ని వోగొట్టుకునుడేంది! జొన్నలు ఇత్తే పాటది. మాటలు తెల్వకపోతే గిట్లనే ఉంటది."

ఎంకమ్మ లేచి లోపలికి వెళ్లింది.

ఆ పాట పోర్చుగల్‌లో ఒక రేడియో వాళ్లకూ చేరింది, వాళ్లు ఎంకమ్మతో నేరుగా మాట్లాడాలనుకుంటున్నారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం అమీన్‌పూర్‌లో నిషిత ఇంటి నుంచే కంప్యూటర్లో పాడొచ్చు. ఈ మాట నిషిత ఫోన్ చేసి మల్లమ్మకు చెప్పింది. ఎంకమ్మకు ఫోన్ లేదు, ఆమెకు ఏం చెప్పాలన్నా మల్లమ్మ ఫోన్‌కే చేయాలి.

మల్లమ్మ ఆ మాట ఎంకమ్మకు చేరవేయలేదు. మర్నాడు తనే నిషితకు ఫోన్ చేసింది.

"ఎంకమ్మ రానంటున్నది బిడ్డా. సిగ్గువడుతున్నది. నేనొస్త. మా అమ్మ పాటనే గద, నాకు రాదా?"

నిషిత కాసేపు తటపటాయించింది. తర్వాత సరేనంది.

ఆదివారం మల్లమ్మ పట్టుచీర కట్టుకుని, పటాన్‌చెరుకు పోతున్నానని ఎంకమ్మతో చెప్పి, ఆటో ఎక్కి అమీన్‌పూర్ వెళ్లింది. నిషిత ఇల్లు పైఅంతస్తులో ఉంది. కిటికీలోంచి చెరువు కనిపిస్తోంది. తెర మీద రేడియో తరఫున ఒక తెల్లజుట్టు ఆవిడ కనిపించి చేతులు జోడించింది. మల్లమ్మ కూడా జోడించింది. గొంతు సవరించుకుని అదే పాట ఎత్తుకుంది. విత్తనాల పాటను ఎట్లా పాడాలో అట్లా హుషారుగా, చప్పట్లు కొడుతూ, ప్రతి చరణానికి గొంతు పైకి లేపుతూ పాడింది. ఎక్కడా జీర లేదు, ఎక్కడా తెగలేదు. తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదనుకుంది.

తెల్లజుట్టు ఆవిడ నవ్వి, ఏదో అడిగింది.

"ఇది అదే పాటనా అంటున్నారు" అంది నిషిత.

"అదే పాట. పాడవలసినట్టు పాడిన. అది మూల్గింది, నేను పాడిన. చెప్పు."

నిషిత ఏం చెప్పిందో మల్లమ్మకు తెలియదు. ఆవిడ మళ్లీ దండం పెట్టి, ఇంకో మాట అడిగింది. ఈసారి నిషిత వెంటనే చెప్పలేదు.

"ఏమన్నది?"

"ఆ మొదటి ఆవిడ క్షేమంగా ఉన్నారా అని అడుగుతున్నారు."

మల్లమ్మ ఆటోలో తిరిగి వస్తూ దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తినే వేళ ఇద్దరూ కంపెనీలో పంపుహౌస్ నీడన కూర్చున్నారు. ఒడిశా అమ్మాయి ఒకతె ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మౌసీ, దేఖో! ఆప్‌కీ దీదీ భీ గాయీ!"

మీ అక్క కూడా పాడిందని ఆ అమ్మాయి చూపిస్తుంటే ఎంకమ్మ ఫోన్‌లోకి తొంగిచూసింది. రేడియో వాళ్లు పెట్టిన వీడియోలో మల్లమ్మ పట్టుచీరలో చప్పట్లు కొడుతూ పాడుతోంది. ఎంకమ్మ చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. పాట అయ్యేదాకా చూసి ఫోన్ తిరిగిచ్చేసింది. ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

మల్లమ్మ మాట్లాడటానికి సిద్ధపడింది. నువ్వు వస్తవో రావో అని, నీకు సిగ్గని, ఎన్ని సాకులు ఉన్నాయో అన్నీ నోటి దాకా తెచ్చుకుంది. ఎంకమ్మ అవేవీ అడగలేదు.

"చప్పట్లెందుకు కొట్టినవ్ వదినె?"

"ఏంది?"

"ఆ పాటకు చప్పట్లెందుకు కొట్టినవ్?"

ఇన్నేళ్లలో ఎంకమ్మ గొంతులో కోపం మల్లమ్మ ఎన్నడూ వినలేదు.

"ఇత్తనాల పాటకు కొట్టరా మరి? మా అమ్మ పాట నాకు తెల్వదా? నువ్వు నిన్నమొన్న వచ్చినదానివి..."

"అది ఇత్తనాల పాట గాదు."

మల్లమ్మ అన్నం గిన్నె కింద పెట్టింది.

"నీకంటె ముందుగాల అత్తమ్మకు కొడుకు పుట్టిండు" అంది ఎంకమ్మ. "పేరు వెట్టకముందే పోయిండు. మన శేన్ల, గట్టు పక్కన పెట్టిండ్రట. ఆ యేడు అదే శేన్ల జొన్నలిత్తుకుంట కట్టుకున్నది ఆ పాట. గట్టిగ ఏడిస్తె మామ తిట్టేటోడు. పాడితె ఎవలు ఏమంటరు? అందరు ఇత్తనాల పాటనే అనుకున్నరు. ఆమె అట్లనే అనుకోనిచ్చింది."

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ లోపలికి వచ్చి నిలబడింది. మల్లమ్మ అటు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ గట్టు ఎక్కడుండేదో ఆమెకు తెలుసు.

"నీకు... ఎట్ల తెల్సు?"

"నా పెద్దోడు పోయినప్పుడు చెప్పింది. నువ్వు ఎలిమెల నుంచి వచ్చి ఒక్క పూట ఉండి పోతివి, యాదికున్నదా? పసిగుడ్డాయె, ఎవలు ఎన్ని రోజులు ఏడుస్తరు. నేనేమో పాలు గడ్డగట్టి జరమొచ్చి పండిన. అత్తమ్మ నా తలకాయ ఒళ్లె వెట్టుకుని ఆ పాట పాడింది. పాడి, సంగతంత చెప్పింది. ఇంకెవలకు చెప్పకన్నది."

మల్లమ్మకు ఆ పూట గుర్తుంది. బియ్యం, పప్పు, ఒక చీర తెచ్చి పెట్టి, వెలిమెలలో పనులున్నాయని చీకటి పడకముందే వెళ్లిపోయింది.

"నాకెందుకు చెప్పలే?" అంది చివరికి. "కడుపుల పుట్టిన బిడ్డను నేను గద ఎంకమ్మా. నాకెందుకు చెప్పలే?"

"నేను గూడ అడిగిన. అది నవ్వుకుంట పాడుకునే పిల్ల, దాన్ని అట్లనే ఉండనియ్యి అన్నది."

ఇంకెవరికైనా ఆ మాట చల్లగా తగిలేదేమో. మల్లమ్మకు అది ముల్లులా దిగింది. పేరు వస్తే రానీ, ఫోటోలు దిగితే దిగనీ, అదంతా ఒక ఎత్తు. తన తల్లి తన గుండెలో ఉన్నదంతా తెచ్చి ఈ మరదలి ఒడిలో పోసింది. బిడ్డకు మాత్రం నవ్వు ఇచ్చి పంపించేసింది. మాటలు తెలిసిన తనకు జొన్నగింజ వినిపించింది. మాటలు తెలియని ఆ సముద్రం పక్క మనిషికి పసిబిడ్డ వినిపించాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక మల్లమ్మ సద్దిగిన్నె మూత పెట్టేసి, పైపు తీసుకుని మొక్కల దగ్గరికి వెళ్లిపోయింది. ఒకే మొక్కకు చాలాసేపు నీళ్లు పట్టింది. కుదురు నిండి నీళ్లు దారి మీదికి పారాయి. ఎంకమ్మ వచ్చి పైపు పక్కకు జరిపి వెళ్లింది.

ఆ సాయంత్రమే మల్లమ్మ నిషితకు ఫోన్ చేసింది.

"బిడ్డా, ఎంకమ్మ రానన్లే. నేనే దానికి చెప్పలే."

"నేను వాళ్లకు అబద్ధం చెప్పినట్టయింది పెద్దమ్మా" అంది నిషిత. అంతకంటే పెద్ద మాటేదైనా అంటుందని మల్లమ్మ ఎదురుచూసింది. అనలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆదివారం నిషిత వచ్చినప్పుడు ముగ్గురూ వాకిట్లో చాప మీద కూర్చున్నారు. మల్లమ్మ ముందర ఎంకమ్మే మొత్తం సంగతి చెప్పింది, దాచలేదు. నిషిత కళ్లు తుడుచుకుంది. రేడియో వాళ్లు ఎంకమ్మ కోసం మళ్లీ అడుగుతున్నారని చెప్పింది.

"నాకు రాదు బిడ్డా. ఆ పూట నేను పాడుతున్ననని గూడ నాకు తెల్వది. పాడుమంటె నోట్లకెల్లి రాదు."

"పోనీ, ఆ పాట తీసేయమంటారా? మీ ఇంటి దుఃఖం అది. మీకు చెప్పకుండా పెట్టాను."

ఎంకమ్మ ఆలోచించింది. తీసేయమంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది మల్లమ్మకు. అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఉండనియ్యి" అంది ఎంకమ్మ. "ఇన్నేండ్లు ఆ పాట ఆ పోరడి గురించని అత్తమ్మకు, నాకు తప్ప ఎవలకు తెల్వదు. ఇప్పుడు ఇంతమంది ఇంటున్నరు. ఆ సముద్రం కాడి ఆమె ఏదో అడిగిందంటివి గద? ఆమెకు చెప్పు. మా అత్త కొడుకు, నా కొడుకు, ఇద్దరని చెప్పు. పేర్లు లెవ్వని చెప్పు."

నిషిత ఫోన్‌లో రాసింది. కూరగాయల బండి వచ్చి, బేరాలయి, వెళ్లిపోయేంతలో జవాబు వచ్చింది. నిషిత దాన్ని నెమ్మదిగా చదివింది. "నా కొడుకు పడవతో పోయాడు. వాడికి పేరుంది, కానీ మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ పలకరు. వాడి పేరు జువావ్."

"ఏమని?"

"జువావ్."

"జువావ్" అని ఎంకమ్మ మెల్లగా పలికి చూసింది. నోరు తిరగలేదు. మళ్లీ పలికింది. "నేను పలికిన అని చెప్పు ఆమెకు."

మల్లమ్మ చాప అంచున కూర్చుని ఇదంతా చూస్తోంది. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఏదో ఉంది. అందులో తనకు చోటు లేదు. ఏడుపు వచ్చింది. తల్లి కోసమో, తనకు ముందు పుట్టిన అన్న కోసమో, కేవలం అసూయతోనో ఆమెకే తెలియలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎంకమ్మ ఆమె వైపు జరిగి, ఏమీ అనకుండా తమలపాకు చుట్టి చేతిలో పెట్టింది. మల్లమ్మ తీసుకుంది.

నిషిత వెళ్లడానికి లేచింది. మల్లమ్మ ఆమె వెంట గేటు దాకా వెళ్లింది. కారు తలుపు తీశాక కూడా కదలకుండా నిలబడింది.

"ఏంటి పెద్దమ్మా?"

"ఏం లే." వెనక్కి తిరిగి చూసుకుంది. ఎంకమ్మ చాప దులుపుతోంది, ఇటు చూడటం లేదు. గొంతు తగ్గించి అడిగింది. "నేను పాడినదానికి... ఎవలన్న ఏమన్న రాసిండ్రా?"

నిషిత ఫోన్ తీసి వెతికింది. మల్లమ్మ ఆమె వేలు ఎటు కదిలితే అటే చూసింది.

"ఒకామె రాసింది. బ్రెజిల్‌లో. 'పొద్దున వంట చేస్తూ పెట్టుకున్నాం. నేనూ నా కూతురూ చప్పట్లు కొడుతూ వంటింట్లో ఎగిరాం' అంది."

"గంతేనా? ఒక్కతేనా?"

"ఒక్కరే."

"ఎంకమ్మకు ఎంతమంది?"

నిషిత చెప్పకుండా ఆమె ముఖంలోకి చూసింది. మల్లమ్మ ఆ చూపు అర్థం చేసుకుని తల పక్కకు తిప్పుకుంది. నోట్లో ఆకు నములుతూ కాసేపు రోడ్డు వైపు చూసింది. తర్వాత కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆ ఒక్కదాన్నే ఇంకోపారి సదువు బిడ్డా. మెల్లగ సదువు."